ఫ్లాపీ ఏ ఫార్మాటో ఎవరు చెప్పాలి? సీపీ/ఎం గందరగోళంలో తప్పెవరిది?

పాత_ఫ్లాపీ:
సూటిగా చెప్తాను, తిట్టేవాళ్లు తిట్టండి. ఎనభైల్లో ఒక సీపీ/ఎం (డాస్ కన్నా ముందు వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్‌లో రాసిన ఐదుంపావు అంగుళాల ఫ్లాపీని పక్క కంపెనీ మెషీన్ చదవలేకపోయిందంటే తప్పు సీపీ/ఎం రాసిన గ్యారీ కిల్డాల్‌దే. ఆస్బోర్న్ 1 కంప్యూటర్ ట్రాకుకు (డిస్కు మీది ఒక వలయం) 256 బైట్ల సెక్టార్లు (ఆ వలయంలోని ముక్కలు) పది పెట్టింది. కేప్రో 2 కూడా పదే పెట్టింది, కానీ 512 బైట్లవి. డిస్కు సైజు ఒకటే, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటే. అయినా "నేను ఫలానా" అని డిస్కు మీద రాసుకునే చోటే లేదు. ఆ లెక్కలన్నీ మెషీన్‌లోనే, బయోస్‌లోని (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాం) డిస్క్ పారామీటర్ బ్లాక్ అనే టేబుల్‌లో ఉండిపోయాయి. అదే ఐబీఎం పీసీలోని డాస్‌ని చూడండి. ఫ్యాట్ (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసే పట్టిక) మొదటి బైటు హెక్స్‌లో ఎఫ్‌ఈ అయితే 160 కేబీ, ఎఫ్‌ఎఫ్ అయితే 320, ఎఫ్‌సీ 180, ఎఫ్‌డీ 360. ఒక్క బైటుతో పని అయిపోయింది!

జెడ్80_అభిమాని:
ఇది అన్యాయమండీ. 1974లో ఆయన సీపీ/ఎం రాసినప్పుడు చేతిలో ఉన్నది 8 అంగుళాల ఫ్లాపీ. ఐబీఎం 3740 ఫార్మాట్: 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టార్లు, సెక్టారుకు 128 బైట్లు. ఊళ్లో సుబ్బారావు ఒక్కడే ఉంటే ఇంటిపేరు ఎవరడుగుతారు? షుగార్ట్ వాళ్ల ఐదుంపావు డ్రైవు 1976లో వచ్చింది. ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్లది.

ఇంకో సంగతి. ఆ బైటు చదవాలంటే ముందు సెక్టారు చదవడం రావాలి కదా? ఆస్బోర్న్ 1 మొదట్లో సింగిల్ డెన్సిటీ, అంటే బిట్లు రాసే పద్ధతి ఎఫ్‌ఎం. కేప్రో డబుల్ డెన్సిటీ, ఎంఎఫ్‌ఎం. తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టుంటుంది. డాస్‌కి ఈ బాధ లేదు, ఎందుకంటే ఐబీఎం పీసీలో అన్నీ ఎంఎఫ్‌ఎం, అన్నీ 512 బైట్లు, ఫ్యాట్ ఎప్పుడూ ట్రాకు 0లో రెండో సెక్టారే. తెలివికన్నా ఏకఛత్రాధిపత్యం ఎక్కువ పని చేసింది.

పాత_ఫ్లాపీ:
రెండు డెన్సిటీలూ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించి చూడొచ్చుగా. ప్రతి సెక్టారు ముందూ ఐడీ ఫీల్డ్ ఉంటుంది: ట్రాకు, సైడు, సెక్టారు నంబరు, సైజు కోడ్. కోడ్ 0 అయితే 128 బైట్లు, 1 అయితే 256, 2 అయితే 512. అడిగితే డ్రైవుని నడిపే కంట్రోలర్ చిప్పే చెప్తుంది.

సర్వీస్_బాబాయ్:
అడిగేదానికి కంట్రోలర్ ఉండాలి కదా నాయనా. వెస్టర్న్ డిజిటల్ 1771 చిప్‌కి ఎఫ్‌ఎం తప్ప ఇంకోటి రాదు. సరే, సైజు తెలిసిందే అనుకో. డైరెక్టరీ ఎక్కడ మొదలు? సిస్టమ్‌కి ఎన్ని ట్రాకులు వదిలారు? బ్లాకు 1 కేబీయా, 2 కేబీయా? ఐడీ ఫీల్డ్ ఇవేం చెప్పదు.

కిల్డాల్ దారి మొత్తం మూసేశాడనడం కూడా తప్పే. సీపీ/ఎం 2.2లో డ్రైవుని ఎంచుకునే బయోస్ కాల్‌కి ప్రాసెసర్‌లోని 'E' అనే రిజిస్టర్‌లో ఒక బిట్ వస్తుంది, "ఈ డ్రైవుని ఇప్పుడే మొదటిసారి అడుగుతున్నాం" అని. ఆ క్షణంలో బయోస్ డిస్కుని పరీక్షించి దానికి తగ్గ టేబుల్ ఇవ్వొచ్చు. తలుపు తెరిచే ఉంది, కంపెనీల్లో చాలామంది లోపలికి రాలేదంతే. అందుకే బయట అమ్మే కన్వర్షన్ ప్రోగ్రాములు బతికాయి. డిస్కు మారిందని కూడా సీపీ/ఎం డైరెక్టరీ చెక్‌సమ్‌తో పసిగట్టేది. కంట్రోల్-సీ కొట్టి సిస్టమ్‌కి చెప్పకుండా డిస్కు మార్చి రాయబోతే ఆర్/ఓ (చదవడమే, రాయడానికి లేదు) అని మొహం మీద కొట్టేది. అది గుర్తున్నవాళ్లు చేతులెత్తండి!

కొత్తవాడు:
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. డిగ్రీ రోజుల్లో ల్యాబ్‌లోని 1.2 ఎంబీ డ్రైవులో 360 కేబీ ఫ్లాపీ మీద ప్రాజెక్టు రాసుకుంటే పాత పీసీలో తెరుచుకోలేదు. ఒకటే టెన్షన్. అదీ ఇదేనా?

సర్వీస్_బాబాయ్:
కాదు. 1.2 డ్రైవు హెడ్ సన్నగా ఉంటుంది. కింద పాత డేటా అంచుల్లో మిగిలిపోతుంది, 360 డ్రైవు వెడల్పు హెడ్ రెండింటినీ కలిపి చదువుతుంది. బైటు సరిగ్గానే ఉన్నా ఉపయోగం లేదు.

జెడ్80_అభిమాని:
డాస్ బైటుని అంత పొగడకండి. ఎఫ్‌ఈ, ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌సీ, ఎఫ్‌డీల్లో బిట్లకు అర్థం ఉంది: చివరిది రెండు వైపులా అని, దాని పక్కది ట్రాకుకు 8 సెక్టార్లు అని. ఎఫ్9 వచ్చేసరికి ఆ లెక్క తప్పింది. 1.2 ఎంబీకీ అదే, 720 కేబీకీ అదే!

పాత_ఫ్లాపీ:
ఆ రెండూ ఒకే డ్రైవులో పట్టవు కదండీ, ఒకటి ఐదుంపావు, ఒకటి మూడున్నర. ఇబ్బందేముంది?

జెడ్80_అభిమాని:
మరి ఎఫ్0? 1.44కీ 2.88కీ అదే బైటు, రెండూ ఒకే డ్రైవులో పడతాయి. బూట్ సెక్టారులో సెక్టార్లు, హెడ్‌ల లెక్కలు విడిగా రాసే బీపీబీని 1983లో డాస్ 2.0తో తెచ్చుకున్నారు కాబట్టి సరిపోయింది. ఒక్క బైటుతో బండి నడవదని వాళ్లకే తెలిసింది.

పాత_ఫ్లాపీ:
సరే, 1974కి ఆయన్ని వదిలేస్తున్నా. 1979లో సీపీ/ఎం 2.0 ఇచ్చేనాటికి ఐదుంపావు డిస్కులు బజారంతా ఉన్నాయి. "మొదటి సెక్టారులో ఈ పది బైట్లు రాయండి" అని ఒక మాట అనుంటే పోయేదేముంది? తర్వాత ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ పీసీడబ్ల్యూ కంప్యూటర్లలో సరిగ్గా అదే చేశారు, అదీ సీపీ/ఎం మీదే. ఈ మాట మీద మాత్రం తగ్గను.

కొత్తవాడు:
ఆమ్‌స్ట్రాడ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. నాకు వాళ్ల సీపీసీ కంప్యూటర్‌ది ఒక డిస్కు ఇమేజ్ (డిస్కు మొత్తానికీ నకలు ఫైలు) దొరికింది. సెక్టారు నంబర్లు హెక్స్‌లో 41 నుంచి 49 దాకా ఉన్నాయి. ట్రాకు 0లో డైరెక్టరీ లేదు. పాడైందా?

సర్వీస్_బాబాయ్:
పాడవలేదు. అక్కడ సెక్టారు నంబరే గుర్తింపు. సీ1తో మొదలైతే డేటా డిస్కు, 01 అయితే ఐబీఎం ఫార్మాట్, 41 అయితే సిస్టమ్ డిస్కు. ప్రత్యేకంగా బైటు కూడా అక్కర్లేదు. రెండు ట్రాకులు దాటి చూడు.

కొత్తవాడు:
ట్రాకు 2లో ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి!