రెటాట్రుటైడ్ పొడి సీసా చేతికొచ్చింది, ఎన్ని ఎంఎల్ నీళ్లు కలపాలి?

కాకినాడ కాజా (ప్రశ్న):
అందరికీ నమస్కారమండి. వయసు 43, ఎత్తు 170 సెం.మీ., బరువు 104 కిలోలు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన బిళ్ల రెండు పూటలా, బీపీకి టెల్మిసార్టన్. స్కానింగులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. టెక్సస్ నుంచి వచ్చిన బంధువుల ద్వారా బరువు తగ్గించే సూదిమందు రెటాట్రుటైడ్ 10 మి.గ్రా. వయల్స్ (సీసాలు) నాలుగు అందాయి. లోపల తెల్లటి పొడి అడుగున గట్టిగా అంటుకుని ఉంది. లేబుల్ మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంది. ఎన్ని ఎంఎల్ నీళ్లు కలపాలి? ఇన్సులిన్ సిరంజిలో ఎన్ని గీతలు తీయాలి? గ్లిమెపిరైడ్ ఆపాలా?

మందులకొట్టు:
కలపకండి. లెక్క చెప్పలేక కాదండి, ఆ లెక్కకి ఆధారమే లేక. "10 మి.గ్రా." అన్నది లేబుల్ మాట. లోపల ఏముందో, ఎంతుందో ఎవరూ పూచీ పడలేదు. అమ్మినవాడే మనుషులకి కాదని రాసుకుని తప్పుకున్నాడు.

రెటాట్రుటైడ్ ఎలై లిల్లీ కంపెనీ ప్రయోగ దశలో ఉన్న మందు. నేను ఇది రాస్తున్నప్పటికి మందులకి అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ గానీ, మన సీడీఎస్‌సీఓ గానీ అనుమతి ఇవ్వలేదు. అమెరికాలో కాంపౌండింగ్ ఫార్మసీలు (మందులు సొంతంగా కలిపి ఇచ్చే కొట్లు) కూడా దీన్ని తయారు చేయకూడదని ఎఫ్‌డీఏ చెప్పింది. "పరిశోధనకు మాత్రమే" అన్న చీటీ అంటించి అమ్ముతున్నవాళ్లకి హెచ్చరిక లేఖలు పంపింది. కాబట్టి అమెరికా నుంచి వచ్చింది కదా అన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. ట్రయల్‌లో లేనివాళ్లకి అక్కడా ఇది సక్రమంగా దొరికే దారి లేదు.

ఇక సిరంజి గీతల సంగతి. ఇంటర్నెట్‌లో కనిపించే లెక్కలన్నీ యూ-100 సిరంజికి రాసినవి. అందులో 20 గీతలంటే 0.2 ఎంఎల్. మన ఊళ్లలో ఇన్సులిన్ సిరంజి అని అడిగితే చాలా కొట్లలో ఎర్ర మూత యూ-40 చేతిలో పెడతారు. అందులో 20 గీతలంటే 0.5 ఎంఎల్. అంటే తెలియకుండానే రెండున్నర రెట్ల మందు లోపలికి పోతుంది. కలిపిన నీళ్లు 1 ఎంఎలా, 2 ఎంఎలా అన్నదాంట్లో పొరపాటు జరిగితే అది ఇంకో రెట్టింపు. అమెరికాలో ఇలాగే కలిపి సీసాల్లో ఇచ్చిన సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గించే మందుని ఇలాగే 5 నుంచి 20 రెట్లు ఎక్కువగా తీసుకుని ఆసుపత్రుల పాలయ్యారని 2024 జులైలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

సికింద్రాబాద్ స్పీడ్:
అన్నా, అందరూ భయపెట్టుడే. నేను చూసిన వయల్‌కి సర్టిఫికెట్ ఉంది, హెచ్‌పీఎల్‌సీల 99.3 శాతం అని రాసిన్రు. ఇంకేం గావాలె?

ల్యాబ్ కోటు:
ఆ 99 శాతం దేంట్లో 99 శాతమో చూడాలి తమ్ముడూ. హెచ్‌పీఎల్‌సీ అంటే మందులోని పదార్థాలని విడదీసి చూసే పరీక్ష, అందులో సుమారు 214 లేదా 220 నానోమీటర్ల కాంతిలో కనిపించే పదార్థాల్లో ఒక శిఖరం వాటా అది. కాంతికి కనిపించనివి ఆ లెక్కలోకి రావు. పొడిలో ఉండే తేమ, పెప్టైడ్‌ని (అమైనో ఆమ్లాల గొలుసుని, అంటే అసలు మందుని) శుద్ధి చేసేటప్పుడు అంటుకునే ట్రైఫ్లోరోఅసిటేట్ లాంటి లవణాలు ఇందులో తేలవు. 10 మి.గ్రా. పొడి తూచి పోస్తే అందులో అసలు పెప్టైడ్ 10 మి.గ్రా. కంటే తక్కువే ఉంటుంది. దాన్ని చెప్పేది వేరే పరీక్ష, నెట్ పెప్టైడ్ కంటెంట్. మరీ ఎక్కువ పోసినా ఆ 99 మారదు.

రెండోది, ఆ శిఖరం రెటాట్రుటైడేనా? దానికి అణువు బరువు కొలిచే మాస్ స్పెక్ట్రమ్ కావాలి, ఆ బరువు సుమారు 4731 డాల్టన్లు రావాలి. అది వచ్చినా పూర్తి భరోసా కాదు. 39 అమైనో ఆమ్లాల గొలుసు కట్టేటప్పుడు ఒకటి ఎడమచేతి వాటం నుంచి కుడిచేతి వాటానికి మారినా బరువు అంతే ఉంటుంది, పని మాత్రం మారిపోతుంది.

మూడోదే నన్నడిగితే అన్నిటికంటే పెద్దది. సూదిమందుకి స్టెరిలిటీ పరీక్ష ఉండాలి, అంటే నమూనాని పోషక ద్రవంలో 14 రోజులు ఉంచి ఏమీ మొలవలేదని చూడాలి. ఎండోటాక్సిన్ పరీక్ష వేరు. సూక్ష్మజీవులు చచ్చినా వాటి గోడల ముక్కలు మిగిలి చలిజ్వరం తెప్పిస్తాయి. ఆన్‌లైన్‌లో తిరిగే సర్టిఫికెట్లలో ఈ రెండూ సాధారణంగా ఉండవు. 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉన్న బ్యాక్టీరియోస్టాటిక్ నీళ్లు కలిపితే అన్నీ చస్తాయనుకుంటారు. అది తర్వాత పెరగకుండా ఆపుతుందంతే, ముందే ఉన్నవాటిని తుడిచిపెట్టదు. శుభ్రం లేని సూదుల వల్ల మైకోబాక్టీరియమ్ జాతి క్రిములు చర్మం కింద గడ్డలు కట్టిస్తాయి. కొన్ని వారాల తర్వాత బయటపడతాయి కాబట్టి సూదికీ గడ్డకీ సంబంధం ఉందని చాలామందికి తట్టదు. నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది.

ఇంకో మాట. సర్టిఫికెట్ మీద ఉన్న బ్యాచ్ నంబరు, మీ సీసా మీద నంబరు ఒకటేనా? సీసా మీద అసలు నంబరుందా?

సికింద్రాబాద్ స్పీడ్:
సీసా మీద నంబర్ లేదన్నా. మూత రంగు ఒక్కటే ఉంది.

షుగరు డాక్టరు:
కాజా గారూ, మందు గురించి ముందు. ఇది జీఐపీ, జీఎల్‌పీ-1, గ్లూకగాన్ అనే మూడు హార్మోన్ల గ్రాహకాల మీదా పనిచేస్తుంది. మొదటి రెండూ ఆకలిని, షుగరుని తగ్గిస్తాయి. గ్లూకగాన్ కాలేయంలో కొవ్వు కరిగిస్తుంది, శరీరం ఖర్చు చేసే శక్తిని పెంచుతుంది. 2023లో వచ్చిన రెండో దశ ఫలితాల్లో 338 మంది ఉన్నారు. 12 మి.గ్రా. వారానికోసారి తీసుకున్నవారు 48 వారాల్లో సగటున 24.2 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 2.1 శాతం. 2025 డిసెంబరులో కంపెనీ ప్రకటించిన మోకాళ్ల నొప్పుల ట్రయల్‌లో 68 వారాలకి 28.7 శాతం దాకా వచ్చింది. మందు బలమైనదే, అందులో అబద్ధం లేదు.

కానీ 338 మంది ట్రయల్‌లో షుగరు ఉన్నవారు లేరు. షుగరున్న 281 మందితో వేరే ట్రయల్ చేశారు, అక్కడ 36 వారాల్లో తగ్గుదల దాదాపు 17 శాతం. మీకు వర్తించేది ఇది. ఆ మోకాళ్ల ట్రయల్‌లోనే 12 మి.గ్రా. తీసుకున్నవారిలో 20.9 శాతం మందికి చర్మం మీద మంట, తిమ్మిరి, బట్ట తగిలినా చురుక్కుమనడం లాంటివి వచ్చాయి. షుగరు వల్ల కాళ్ల తిమ్మిర్లు ముందే ఉన్న మనిషికి ఏది ఎందుకొచ్చిందో తేల్చడం కష్టం. గుండె వేగం కూడా పెరుగుతుంది. రెండో దశలో 24 వారాల వరకూ పెరిగి తర్వాత తగ్గింది. ట్రయల్‌లో అయితే ఇవన్నీ కొలిచేవాళ్లుంటారు.

గ్లిమెపిరైడ్ సంగతి అడిగినందుకు సంతోషం, చాలామంది అడగరు. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఆకలి చంపే మందుతో కలిస్తే రాత్రిపూట షుగరు పడిపోతుంది. అనుమతి ఉన్న మందులు మొదలుపెట్టేటప్పుడు కూడా మేం దాన్ని సగానికి తగ్గిస్తాం లేదా తీసేస్తాం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) చూసి. మీది కలిపిన బిళ్ల కాబట్టి సొంతంగా ఆపితే మెట్‌ఫార్మిన్ కూడా పోతుంది. మీ డాక్టరు గారితో విడివిడి బిళ్లలుగా రాయించుకోండి.

కాకినాడ కాజా:
అర్థమైందండి. అయితే సక్రమమైన దారిలో ఏముంది నాకు?

షుగరు డాక్టరు:
మీ బీఎంఐ 36, షుగరు ఉంది, బీపీ ఉంది. అనుమతి ఉన్న మందులు వాడడానికి మీరు అర్హులే. టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశంలో వచ్చింది, షుగరుకీ బరువుకీ రెండిటికీ. బరువు కోసం సెమాగ్లుటైడ్ 2.4 మి.గ్రా. 2025 జూన్‌లో వచ్చింది. సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే, కాబట్టి ధర విషయం మీ కొట్టులో తాజాగా కనుక్కోండి.

రెండూ వారానికోసారే. టిర్జెపటైడ్ 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టి నాలుగు వారాలకి 5, ఆపైన అవసరమైతే నాలుగేసి వారాలకి 2.5 చొప్పున. సెమాగ్లుటైడ్ 0.25, 0.5, 1, 1.7, 2.4. ఈ మెట్లు తొందరపడి ఎక్కితే వాంతులు ఎక్కువవుతాయి. మొదటి డోసు మందు పనిచేయడానికి కాదు, పేగులకి అలవాటు కావడానికి. మొదటి నెలలో బరువు తగ్గలేదని పెంచేసుకునేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

మొదలుపెట్టే ముందు చేయించాల్సినవి: హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, పిత్తాశయంలో రాళ్లున్నాయేమో కడుపు స్కానింగు, కంటి రెటీనా. రెటీనా ఎందుకంటే షుగరు ఒక్కసారిగా పడితే ఉన్న రెటినోపతి (షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం) ముదరవచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందులు వద్దు. మీకు ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఎప్పుడైనా వచ్చి ఉంటే ముందే చెప్పండి.

ఫ్యాటీ లివర్‌కి ఫిబ్-4 లెక్క మీరే వేసుకోవచ్చు. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే అంకెలు లివర్ పరీక్షల రిపోర్టులో ఉంటాయి. వయసుని ఏఎస్‌టీతో హెచ్చించండి. ప్లేట్‌లెట్లు వేలల్లో (2,10,000 అయితే 210) తీసుకుని ఏఎల్‌టీ వర్గమూలంతో హెచ్చించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1.3 లోపు వస్తే కాలేయంలో ముదిరిన మచ్చ (ఫైబ్రోసిస్) ఉండే అవకాశం తక్కువ. దాటితే ఫైబ్రోస్కాన్ (కాలేయం గట్టిదనం కొలిచే స్కాన్) చేయించండి.

మందులకొట్టు:
ఏది కొన్నా బిల్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసుకుని ఐస్‌ప్యాక్ డబ్బాలో తీసుకెళ్లండి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెనక గోడకి ఆనించకుండా మధ్య అరలో పెట్టండి. గడ్డకడితే పారేయాల్సిందే, కరిగించి వాడకూడదు. టిర్జెపటైడ్ సింగిల్ డోసు వయల్‌లో 0.5 ఎంఎల్ ఉంటుంది, అదంతా ఒకే డోసు. దాచుకుని రెండుసార్లు వాడేది కాదు, అందులో నిల్వమందు లేదు.

అమలాపురం అరిసె:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వదిన గారు ఇలాంటి పొడి సూదే మూడు రోజుల కిందట వేసుకున్నారు. నిన్నటి నుంచి వాంతులు, పొద్దుటి నుంచి మూత్రం రాలేదు. పై కడుపులో నొప్పి ఉందంటున్నారు. డైక్లోఫెనాక్ ఇవ్వొచ్చా?

షుగరు డాక్టరు:
ఇవ్వకండి. నీరు తగ్గిన ఒంటికి డైక్లోఫెనాక్ కిడ్నీని దెబ్బతీస్తుంది. పొద్దుటి నుంచి మూత్రం లేదంటే ఇంట్లో చూడాల్సింది కాదు, ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వెళ్లాక మిగతావి చదవండి.

అక్కడ దాచకుండా చెప్పండి: ఏ మందు, ఎంత తీశారు, ఏ సిరంజి, ఏ రోజు. సీసా కూడా పట్టుకెళ్లండి. నొప్పి వెన్నులోకి పాకితే ప్యాంక్రియాటైటిస్ చూడాలి, రక్తంలో లైపేజ్ మామూలు గరిష్ఠ పరిమితికి మూడింతలు దాటితే దాదాపు అదే. దీనితో పాటు క్రియాటినిన్, పొటాషియం, వేలి నుంచి షుగరు. ఆపరేషన్ లాంటిది అవసరమైతే మత్తు డాక్టరుకి ఈ మందు సంగతి తప్పక చెప్పాలి, కడుపు ఖాళీ కావడం మందగించి ఉంటుంది.

దీనికి విరుగుడు లేదు. మందు సగమవడానికి సుమారు ఆరు రోజులు పడుతుంది, అంటే పూర్తిగా పోవడానికి నెల. ఈ రోజు తేరుకున్నారని రేపు ఇంటికి తెచ్చేయకండి, ఎన్ని రోజులుంచాలో అక్కడి డాక్టర్లనే చెప్పనివ్వండి. మెట్‌ఫార్మిన్, బీపీ బిళ్లలు వాడుతుంటే వాంతులున్నన్నాళ్లు ఆపాలేమో వారినే అడగండి. దారిలో ఓఆర్‌ఎస్ చెంచాతో, రెండు నిమిషాలకో చెంచా, నిలిస్తేనే.

మందులకొట్టు:
కాస్త కుదుటపడ్డాక 1800-180-3024కి కూడా చెప్పండి, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ప్రభుత్వ నంబరు, ఫోన్ ఖర్చు లేదు.

సికింద్రాబాద్ స్పీడ్:
సరే అన్నా, అసలు మందే గావాలంటే ట్రయల్‌ల చేరొచ్చు గదా? ఎంత కట్టాలె?

ల్యాబ్ కోటు:
ఏమీ కట్టక్కర్లేదు. డబ్బులడిగితే అది ట్రయల్ కాదు. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ 2009 జూన్ నుంచి సీటీఆర్‌ఐలో (ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు) నమోదు కావాలి. అక్కడ మందు పేరు వెతికితే ఆసుపత్రి, ఊరు, ఎవరిని చేర్చుకుంటున్నారో కనిపిస్తుంది. అంగీకార పత్రం తెలుగులో అడుగు, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులో ఉందో లేదో చూడు. ట్రయల్ వల్ల జబ్బు చేస్తే ఉచిత వైద్యం, పరిహారం 2019 నిబంధనల్లో ఉన్నాయి. అయితే చీటీలో ఉత్తుత్తి మందు రావచ్చు, ఏది వచ్చిందో డాక్టరుకీ తెలియదు. దానికి సిద్ధపడితేనే వెళ్లు.

కాకినాడ కాజా:
ఈ నాలుగు సీసాలు ఏం చేయమంటారు? రక్తపరీక్షకి శుక్రవారం పొద్దున వెళ్తున్నాను.

మందులకొట్టు:
మూత తీయకుండా డబ్బాలో టేపు వేసి, దగ్గర్లోని ఆసుపత్రి బయోమెడికల్ వ్యర్థాల వాళ్లకి ఇవ్వండి. సింకులో పోయొద్దు, ఇంకెవరికీ ఇవ్వొద్దు.

షుగరు డాక్టరు:
శుక్రవారం ఫాస్టింగ్ శాంపిల్ ఇచ్చేదాకా పొద్దుటి బిళ్ల వేసుకోకండి, గ్లిమెపిరైడ్ ఖాళీ కడుపున కళ్లు తిరిగేలా చేస్తుంది. రక్తం ఇచ్చాక టిఫిన్‌తో వేసుకోండి. బీపీ బిళ్ల ఎప్పటి టైముకే.