‘సెల్ఫ్ అసెంబ్లీ’ని తెలుగులో ఏమనాలి?

పటమట నుంచి:
మా అమ్మాయి ఎమ్మెస్సీ సెమినార్‌ని తెలుగులో రాసిపెడుతున్నాను. లోహపు పలక మీద లోహ-కర్బన అణువులు వాటంతటవే వరసగా అమరడం, అదీ విషయం. ఫోన్‌లో అనువాదం కొడితే ‘స్వీయ సమావేశం’ అని వచ్చింది. వెలగపూడిలో ఉన్న అసెంబ్లీ చాలదా! ‘స్వయం సంఘటన’ అంటే ఎక్కడో ఏదో జరిగిందనుకుంటారు. పెద్దలు ఓ మాట చెప్పండి.

జరిగేదేమిటంటే, గాలి దాదాపు లేని గదిలో శుభ్రమైన రాగి పలక పెట్టి, దానిమీద టెరెఫ్తాలిక్ ఆమ్లం (పాలియెస్టర్ చీరకీ, నీళ్ళ సీసాకీ ముడిసరుకు) పలచగా పరుస్తారు. పైన కాస్త ఇనుము చల్లుతారు. అణువు రెండు కొసలూ ఇనుప పరమాణువుల్ని పట్టుకుని గళ్ళు గళ్ళుగా తయారవుతాయి. ఆ గళ్ళని చూపించేది 1981లో జ్యూరిక్‌లో బినిగ్, రోరర్ అనే శాస్త్రవేత్తలు చేసిన ‘స్కానింగ్ టనెలింగ్’ మైక్రోస్కోపు. దానికి 1986లో నోబెల్ వచ్చింది.

బ్రాడీపేట నుంచి:
స్వయం ఎందుకండీ? మన ‘కొను’లోనే అది ఉంది. అల్లడం వేరు, అల్లుకోవడం వేరు. మల్లెతీగ పందిరికి అల్లుకుంది అంటే ఎవరూ అల్లలేదనేగా? పైగా పందిరి కూడా కలిసొచ్చింది. రాగి పరమాణువుల వరసల్ని బట్టే గళ్ళు ఏ దిక్కుకి తిరగాలో తేలుతుంది. పలక మారిస్తే అల్లికా మారుతుంది.

కొత్తపేట నుంచి:
మాస్టారూ, మా ఆవిడ జడ అల్లుకుంది. జడ దానంతటదే అల్లుకోలేదు కదా! చుక్కల ముగ్గు అనండి, హాయిగా ఉంటుంది.

బ్రాడీపేట నుంచి:
జడ అల్లుకున్నది మనిషి. కర్త అణువులైతే ఆ చిక్కు లేదు. ముగ్గు మాత్రం ఒప్పుకోను. ముగ్గులో చుక్కలు ముందే పెట్టేస్తాం, కదలవు. ఇక్కడ చుక్కల్లాంటి ఇనుప పరమాణువులూ పలక మీద జారుతూనే ఉంటాయి.

పటమట నుంచి:
‘అల్లుకోవడం’ బావుందండి. కానీ ఒకటి తగ్గింది. పలకని కాస్త వేడిచేస్తే అడ్డదిడ్డంగా అతుక్కున్నవి ఊడి, సరైన చోట మళ్ళీ పట్టుకుంటాయట. బంధం మరీ గట్టిదైతే తప్పు తప్పుగానే ఉండిపోతుంది. ఆ ఊడి మళ్ళీ పట్టుకోవడం మాటలో ఎలా వస్తుంది?

కొత్తపేట నుంచి:
గుంటూరు బస్సు ఎక్కారా ఎప్పుడైనా? ముగ్గురి సీటులో నాలుగోవాడు వచ్చి ‘కాస్త సర్దుకోండి’ అంటాడు. ఒకరు మోకాలు తిప్పుతారు, ఒకరు సంచి ఒళ్ళోకి తీసుకుంటారు. కుదరకపోతే లేచి మళ్ళీ కూర్చుంటారు. మంగళగిరి వచ్చేసరికి నలుగురూ కుదురుకుంటారు, కండక్టరు నోరు విప్పకుండానే. సర్దుకోవడం!

బ్రాడీపేట నుంచి:
అది బావుంది. ‘సర్దుకుపోవడం’ అని మాత్రం రాయకండి, కాపురంలోకి వెళ్ళిపోతుంది. ‘మెటల్-ఆర్గానిక్’కి ‘లోహ-సేంద్రియ’ కూడా వద్దు, మిర్చి యార్డులో ఎవరినడిగినా సేంద్రియం అంటే పశువుల ఎరువే.

పటమట నుంచి:
‘కర్బన’ అనే పెట్టానండి. శీర్షిక: ‘రాగి పలక మీద సర్దుకుంటూ అల్లుకునే అణువులు’. అమ్మాయికి చూపిస్తే పొడుగైంది, ‘సర్దుకుంటూ’ తీసెయ్ నాన్నా అంటోంది. నేను తియ్యనంటున్నాను.