తెల్లవారుజాము ఫ్లైటులో యాసిడ్ పైకి తన్ని ఛాతీలో మంట రాకుండా పాన్ 40 (యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర) ఒకటి వేసుకుని, కడుపు ఖాళీగా ఉంచితే చాలా?

గోదారి_గట్టు:
చాలనే అంటాను. శంషాబాద్‌లో మూడింటికి ఎక్కేవాళ్లకి ఆ వేళ భోజనం దేనికి? ఎయిర్‌పోర్టులో మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పడుకోవాలి. తినకపోతే పైకి తన్నడానికి ఏముంటుంది?

మందుల_కొట్టు:
యాసిడ్ ఉంటుందండీ! పాంటోప్రజోల్ పట్టుకునేది తిండి కోసం పనిలో ఉన్న యాసిడ్ పంపుల్నే, అంటే కడుపులోకి యాసిడ్ వదిలేవాటినే. అందుకే తినే ముందు అరగంట నుంచి గంట గడువు పెడతారు. వేసుకుని పస్తుంటే దాని బలం బాగా తగ్గుతుంది. పైగా మొదటి మాత్రతో పూర్తి పట్టు రాదు, 3 నుంచి 5 రోజులు కావాలి. తరచూ మంట వచ్చేవాళ్లు డాక్టరుని అడిగి వారం ముందే మొదలుపెట్టాలి. ఆ ఒక్క రాత్రికే అయితే ఫామోటిడిన్ 20 (యాసిడ్ తగ్గించే ఇంకో రకం మాత్ర) నయం. గంటలో అందుకుని పది గంటల దాకా పనిచేస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం మోతాదు అడగాల్సిందే.

డాలస్_తెలుగు:
ఇద్దరూ గ్యాస్ సంగతి వదిలేశారు. విమానం లోపల గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నంతే ఉంటుంది. కడుపులోని గ్యాస్ పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉబ్బి, ఉన్నదాన్ని పైకి నెడుతుంది. దాన్ని ఏ యాసిడ్ మాత్రా ఆపదు. సోడా, కూల్‌డ్రింకు ముట్టకూడదు. బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి దించి కట్టుకోవాలి.

గోదారి_గట్టు:
మంట మొదలైతే తాగడానికి యాంటాసిడ్ జెల్ (యాసిడ్‌ని విరిచే మందు) ఉందిగా?

మందుల_కొట్టు:
200 మి.లీ. సీసా చేతిసంచిలో పెడితే, ద్రవాలకి ఉన్న 100 మి.లీ. నిబంధన దగ్గర పేచీ. సాచెట్లో, నమిలే బిళ్లలో పెట్టుకోండి. ఖాళీ కడుపులో జెల్ అరగంట, ముప్పావుగంటలో దిగిపోతుంది. తిన్న గంటకి తాగితే రెండు మూడు గంటలు నిలుస్తుంది. అందుకే పస్తు వద్దంటున్నాను. కొంచెం పెరుగన్నమో రెండు ఇడ్లీలో తిని, కనీసం రెండు గంటలు నిటారుగా కూర్చోవాలి. థైరాయిడ్ మాత్రకీ జెల్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

డాలస్_తెలుగు:
కారం లేని భోజనం కావాలంటే 24 గంటల ముందే బుకింగ్‌లో 'బ్లాండ్ మీల్' పెట్టించుకోవాలి, ఎక్కాక అడిగితే ఉండదు. ఇంకొకటి: ఛాతీ బిగపట్టి చెమటలు పోసినా, నొప్పి దవడకో చేతికో పాకినా జెల్ తాగి చూద్దామనుకోవద్దు, వెంటనే సిబ్బందిని పిలవండి.

గోదారి_గట్టు:
పస్తు మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వేళ ట్రేలో వచ్చే బిర్యానీ, కాఫీ మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను.