ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నవాళ్లు ఖర్చు సంగతి చూడరా?

లా నాలుగో ఏడాది, విశాఖ:
లా చదువుకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్స్ ప్రకారం ఐదేళ్ల లా కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. డబ్బు ఊసు మాత్రం లేదు. నీతి ఆయోగ్ కూడా ఇంటర్న్‌లకి పైసా ఇవ్వదు. మా క్లాస్‌లో కౌలు రైతు కూతురికి ఢిల్లీలో అవకాశం వచ్చింది. రైలు టికెట్, పీజీ హాస్టల్ అడ్వాన్సు, నెల రోజుల భోజనం లెక్క వేసుకుని వద్దనేసింది. ప్రభుత్వం స్టైపెండ్ ఇవ్వాలంటాను. మీరేమంటారు?

జిల్లా కోర్టు అడ్వకేట్:
స్టైపెండ్ రూల్ పెడితే ముందు నష్టపోయేది మీరేనమ్మా. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్, సీనియర్ లాయర్లు తమ దగ్గర పనిచేసే జూనియర్ లాయర్లకి పట్టణాల్లో నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వమని సూచించింది. మా దగ్గర చాలామంది సీనియర్లకి అంత ఇచ్చే స్తోమత లేదు. ఇంటర్న్‌కి కూడా ఇవ్వాలంటే అసలు రానివ్వరు. నాలుగు వారాల్లో మీకు కేసు కట్ట చదవడం, వాయిదా రాసుకోవడం నేర్పేసరికే సరిపోతుంది. మాకు ఒరిగేదేం లేదు.

లా నాలుగో ఏడాది, విశాఖ:
సార్, సీనియర్లని ఇవ్వమనట్లేదు, ప్రభుత్వాన్ని అడుగుతున్నా. విదేశాంగ శాఖ తన ఇంటర్న్‌లకి నెలకి 10 వేలు, విమాన ఛార్జీ ఇస్తోంది. 2024లో పీఎం ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు నెలకి 5 వేలు పెట్టారు, కానీ రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లు అర్హులు కారన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా ఈ ఖర్చు మా నెత్తినే పడుతోంది.

గుంటూరు పేరెంట్:
డబ్బులిస్తే దొంగ సర్టిఫికెట్లు పెరగవా? కోర్టు గుమ్మం తొక్కకుండానే తెలిసిన లాయర్‌తో సంతకం పెట్టించుకునేవాళ్లు ఇప్పటికే ఉన్నారు.

లా నాలుగో ఏడాది, విశాఖ:
ఉన్నారండీ, కాదనను. అయితే ఇంటర్న్‌షిప్ డైరీ రాయాలని, దాన్ని ఇంటర్న్‌షిప్ చేయించే గైడ్, కాలేజీ ఫ్యాకల్టీ ఇద్దరూ చూడాలని అవే రూల్స్‌లో ఉంది. డైరీ చూశాకే డబ్బు విద్యార్థి ఖాతాలో వెయ్యాలి. అదీ ఆదాయ పరిమితి పెట్టి. ఆంధ్రలో 2019 డిసెంబరులో మొదలైన లా నేస్తం పథకం జూనియర్ అడ్వకేట్లకి నెలకి 5 వేలు ఇచ్చింది. పట్టా అందాక చేసిన సాయం చదువుకునేటప్పుడు చెయ్యలేరా? పేదింటి పిల్లలకి అసలు ఇబ్బంది ఇప్పుడే కదా.

జిల్లా కోర్టు అడ్వకేట్:
ఆదాయ పరిమితి పెట్టి, నేరుగా ఖాతాలో వేస్తానంటే నాకు అభ్యంతరం లేదు. ఢిల్లీ వెళ్లేవాళ్లకే కాదు, పల్లె నుంచి జిల్లా కోర్టుకి రోజూ బస్సులో వచ్చే పిల్లలకీ ఇవ్వాలి. అలా అడుగుతూ ప్రభుత్వానికి అర్జీ రాస్తే దాని మీద సంతకం నేనూ పెడతాను.