కాంపాలా నుంచి వచ్చిన తమ్ముడు, లిఫ్ట్ బటన్, ఎబోలా: తెలిసినవాళ్ళు చెప్పండి

చిన్నక్క (ఫిబ్రవరి 10, 2025)

మా తమ్ముడు కాంపాలాలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. సెలవు మీద ఫిబ్రవరి 2న వచ్చాడు. వాడు వచ్చే 3 రోజుల ముందే, జనవరి 30న, అక్కడ ఎబోలా బయటపడిందని ఉగాండా ప్రభుత్వం ప్రకటించింది. వాడు ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు, జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికీ వెళ్ళలేదు, చావులకీ వెళ్ళలేదు. ఇవాళ్టికి 8 రోజులు. జ్వరం లేదు, దగ్గు లేదు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, ఫోన్ చూసుకుంటున్నాడు.

ఈ సంగతి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఎలా పాకిందో తెలీదు. "మీ తమ్ముణ్ణి లిఫ్ట్ వాడొద్దనండి, బటన్లు అందరం నొక్కుతాం" అని ఒకాయన. "మెట్ల రెయిలింగ్ కూడా పట్టుకోకుండా చూడండి" అని ఇంకొకావిడ. మరి వాడు ఎగిరి దిగాలా అని టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను.

వాళ్ళని అనడానికి నాకూ మొహం లేదు. నిన్న రాత్రి వాడు లేచి వెళ్ళగానే టీవీ రిమోట్ తీసి శానిటైజర్‌తో తుడిచాను. మంచినీళ్ళ సీసా కోసం వెనక్కి వచ్చాడు, చూశాడు. ఏమీ అనలేదు. ఇవాళ పొద్దుట్నుంచి గదిలోంచి బయటికి రావట్లేదు.

నిజంగా తెలిసినవాళ్ళు చెప్పండి. ఇది గాలిలో వస్తుందా? వాడు ముట్టుకున్న వస్తువుల వల్ల వస్తుందా? ఇంకెన్నాళ్ళు చూడాలి?

గోడమీదపిల్లి

గాలిలో రాదని అందరూ అంటారు. 1989లో అమెరికాలోని రెస్టన్‌లో ఏం జరిగిందో చదవండి. కోతులు ఒక గదిలో ఉంటే ఇంకో గదిలో కోతులకి అంటింది. అదీ ఎబోలానే. కోవిడ్ టైంలో కూడా గాలిలో రాదనే మొదలుపెట్టారు, తర్వాత ఏమైందో చూశాం. నేనైతే తమ్ముడైనా సరే 21 రోజులు వేరే ఇంట్లో ఉంచుతాను. ఆపైన మీ ఇష్టం.

పాత సిస్టర్

చిన్నక్క గారూ, ముందు రిమోట్ సంగతి. తుడిచినందుకు మరీ కుమిలిపోకండి. 26 ఏళ్ళు నర్సుగా చేసిన నేనే 2020లో మా ఆయన తెచ్చిన చిల్లర నాణేలు సబ్బునీళ్ళలో నానబెట్టాను.

నేను ఎబోలా రోగిని కళ్ళతో చూడలేదు, ముందే చెప్తున్నా. 2014లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో అది రగులుకున్నప్పుడు, ఒకవేళ ఇటు వస్తే అని మా ఐసొలేషన్ వార్డు వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చారు. ఒళ్ళంతా కప్పే సూటు, రెండు జతల గ్లవ్స్, మాస్కు, కళ్ళద్దాలు. మంచం మీద ఒక బొమ్మని పడుకోబెట్టి, దాని మీద మెరిసే పొడి కలిపిన నీళ్ళు పోశారు. అది వాంతి అనుకోవాలి. శుభ్రం చేసి, సూటు విప్పి బయటికి వచ్చాం. అందరికంటే ముందు విప్పేశానని నేను గొప్పగా నిలబడ్డాను. లైట్లు ఆర్పి ఊదారంగు టార్చి వేశారు. నా కుడి చెవి వెనక బొట్టుబిళ్ళంత మచ్చ పచ్చగా వెలిగింది. నా చెయ్యి అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో ఈ రోజుకీ నాకు తెలీదు. మాస్కు తాడు తీసేటప్పుడు అయ్యుండాలి.

ఎబోలా అనగానే నాకు ఆ మచ్చే గుర్తొస్తుంది. జబ్బు బయటపడ్డ మనిషి రక్తం, వాంతి, విరేచనం లాంటివి మన కంట్లోకో, నోట్లోకో, తెగిన చర్మంలోకో వెళ్తేనే అంటుకుంటుంది. వైరస్ ఒంట్లోకి వెళ్ళిన 2 నుంచి 21 రోజుల లోపు లక్షణాలు కనిపిస్తాయి. అవి కనపడేదాకా ఆ మనిషి ఎవరికీ అంటించడు. జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లో వైరస్ పెరుగుతుంది, ప్రాణం పోయే వేళకి విపరీతంగా ఉంటుంది. శవం మరీ ప్రమాదం. అందుకే ఇది లిఫ్ట్‌లో పక్కన నిలబడ్డవాడికి కాకుండా పక్కమీద దుప్పటి మార్చినవాళ్ళకి, ఒళ్ళు తుడిచినవాళ్ళకి, చివరి స్నానం చేయించినవాళ్ళకి వస్తుంది. అంటే అమ్మలకి, అక్కలకి, మాకు. ఇప్పుడు కాంపాలాలో మొదట చనిపోయింది కూడా ఒక నర్సే.

ఈ జబ్బు మొదట కనిపించిన 1976లో, ఇప్పటి కాంగోలో యాంబుకు అనే చోట ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడి నర్సులకి రోజుకి 5 సూదులు ఇచ్చేవాళ్ళు. ఆ అయిదింటితోనే వచ్చినవాళ్ళందరికీ ఇంజెక్షన్లు. మధ్యలో నీళ్ళలో కడిగి మళ్ళీ వాడేవాళ్ళు. 318 మందికి జబ్బు వచ్చింది, 280 మంది పోయారు. నేను చేరిన కొత్తలో గాజు సిరంజిలు ఉడకబెట్టిన దాన్ని, ఆ అయిదు సూదుల మాట చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నా.

లిఫ్ట్ బటన్ విషయం. రోగి ఒంట్లోంచి వచ్చిన ద్రవం ఆ బటన్ మీద ఉండాలి, ఎండకముందో ఎండిన కొద్ది గంటల్లోనో మీ వేలికి అంటాలి, ఆ వేలు కంట్లో పెట్టుకోవాలి. జ్వరమే లేని మనిషి నొక్కితే అక్కడ ఏముంటుంది? దోమల వల్ల వస్తుందా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. రాదు.

తమ్ముడికి రోజూ రెండుపూటలా టెంపరేచర్ చూసి కాగితం మీద రాయండి, ఆయన కాంపాలా వదిలిన రోజు నుంచి 21 రోజులు. జ్వరం వస్తే మామూలు క్లినిక్‌కి నడిచి వెళ్ళి అందరి మధ్యా కూర్చోవద్దు. ముందు ఫోన్ చేసి ఎక్కణ్ణుంచి వచ్చారో, ఎప్పుడు వచ్చారో చెప్పండి. ఇంకోటి, ఇది అందరూ మర్చిపోయేది. ఉగాండా నుంచి వచ్చిన మనిషికి జ్వరం వస్తే మొదట అనుమానించాల్సింది మలేరియాని. ఎబోలా కంగారులో ఆ రక్తపరీక్ష ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

లెక్కలబాబాయ్

గోడమీదపిల్లి గారూ, రెస్టన్ కథ సగమే చెప్పారు. ఆ కోతులకి గాలి ద్వారా అంటి ఉండొచ్చని అనుమానించిన మాట నిజం. కానీ అది రెస్టన్ అనే వేరే రకం. కోతుల్ని చూసుకున్న కొందరి రక్తంలో అది సోకిన ఆనవాళ్ళు దొరికాయి, ఒక్కరూ జబ్బుపడలేదు. ఇప్పుడు కాంపాలాలో ఉన్నది సుడాన్ రకం. 2019లో అనుమతి వచ్చిన టీకా జైర్ రకానికి, దీనికి కాదు. భయపడదలిస్తే అది భయపడాల్సిన విషయం.

తట్టు వచ్చిన ఒక్కరు, టీకా లేని జనంలో, 12 నుంచి 18 మందికి అంటిస్తారు. ఎబోలా రోగి ఇద్దరికి అటూఇటూ. గాలిలో తిరిగేదైతే ఆ లెక్క అక్కడ ఆగదు. 2014 సెప్టెంబరులో లైబీరియా నుంచి డాలస్ వెళ్ళిన థామస్ ఎరిక్ డంకన్ కేసు చూడండి. జబ్బు మొదలయ్యాక 4 రోజులు ఒక ఫ్లాట్‌లో ఇంటిల్లిపాదితో ఉన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆసుపత్రిలో, బాగా ముదిరాక, ఆయనకి సేవ చేసిన ఇద్దరు నర్సులకి వచ్చింది. ఇద్దరూ బతికారు.

ఇంకా పెద్ద పరీక్ష నైజీరియాలోని లాగోస్. 2014 జులైలో ఒక రోగి విమానం దిగి కుప్పకూలాడు. అంత జనమున్న ఊరు. డాక్టర్ అమేయో స్టెల్లా అడదెవో అది ఎబోలా అని పసిగట్టి, ఎంత ఒత్తిడి వచ్చినా ఆయన్ని బయటికి పోనివ్వలేదు. దాదాపు 900 మందిని వెతికి పట్టుకుని, 18,000 సార్లకి పైగా ఇళ్ళకి వెళ్ళి జ్వరం చూశారు. నైజీరియా మొత్తమ్మీద 20 కేసులు, 8 మరణాలతో ఆగింది. ఆ 8 మందిలో ఆ డాక్టరమ్మ ఒకరు.

గోడమీదపిల్లి

సరే, రకం వేరని నాకు తెలీదు. వేరే ఇల్లు మాట వెనక్కి తీసుకుంటున్నా. లిఫ్ట్‌లో మాత్రం నేను మోచేత్తోనే నొక్కుతా.

చిన్నక్క (ఫిబ్రవరి 15)

ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. 13వ తేదీ రాత్రి వాడికి చలి మొదలైంది, చూస్తే 102. నా చేతులు వణికాయి. పాత సిస్టర్ గారు చెప్పినట్టే ముందు ఫోన్ చేసి కాంపాలా అని చెప్పాను. వాళ్ళు అంబులెన్స్ పంపి నేరుగా వేరే గదికి తీసుకెళ్ళారు. కింద అంబులెన్స్ చూసి గ్రూపులో ఎవరెవరు ఏం రాశారో చదవలేదు.

మలేరియా. అందులో ఫాల్సిపారం అనే రకం అని రాసిచ్చారు. ఎబోలా పరీక్ష కూడా చేశారు, నెగటివ్. అయినా పంపట్లేదు, మళ్ళీ చేస్తామంటున్నారు. ఎందుకో అర్థం కావట్లేదు, నెగటివ్ అంటే నెగటివే కదా? గాజు తలుపు ఇవతలనుంచి చెయ్యి ఊపాను. వాడు అటునుంచి ఏదో నొక్కుతున్నట్టు బొటనవేలు ఆడించాడు. రిమోట్ గురించి అని అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

పాత సిస్టర్

లక్షణాలు మొదలైన మొదటి 3 రోజుల్లో రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తక్కువగా ఉండొచ్చు. అందుకే 72 గంటలు దాటాక ఇంకోసారి చేస్తారు. మీ లెక్క ప్రకారం అది రేపు రాత్రికి. మలేరియా ఉన్నంతమాత్రాన రెండోది లేదని కూడా వాళ్ళు అనుకోకూడదు కదా, పద్ధతిగానే చేస్తున్నారు.

మలేరియా మాత్రలు ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ పూర్తిగా వేయించండి. మొదటి రోజుకే ఒళ్ళు చల్లబడితే మగపిల్లలు మిగతావి పారేస్తారు. మిమ్మల్ని లోపలికి పంపితే ఏం తొడుక్కోమంటే అది తొడుక్కోండి. బయటికి వచ్చేటప్పుడు విప్పడం దగ్గర తొందరపడకండి, పక్కన ఎవరినైనా నిలబడి ఒక్కొక్కటీ చెప్పమనండి.