ఇంగ్లీషు తరగతిలో పిల్లలు నోరు విప్పాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
నేను తెలంగాణలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టిన నాటి నుంచి, విరామంలో గలగలా మాట్లాడే పిల్లలు నా పీరియడ్‌లో మాత్రం తల వంచుకుని కూర్చుంటున్నారు. గతవారం ఒక బాబు "షీ డోంట్ కమ్" అనగానే అందరి ముందూ సరిదిద్దాను. ఆ తర్వాత వాడు చెయ్యెత్తనే లేదు. అది నన్ను చాలా బాధిస్తోంది.

జవాబు 1:
మేడమ్ గారూ, ముందు వాడు చెప్పిన విషయానికి స్పందించండి. "ఓ, షీ డజంట్ కమ్? వై?" అని మీరు ఆసక్తిగా అడిగితే, సరైన రూపం వాడి చెవిన పడుతుంది, సంభాషణా ఆగదు. వ్యాకరణం సంగతి పేరెత్తకుండా మర్నాడు బోర్డు మీద చెప్పుకోవచ్చు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. తరగతిలో తెలుగును నిషేధించకండి. పిల్లల ఇంటి భాషను వనరుగా చూడాలని జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లోనే చెప్పింది. "నేను అన్నం తిన్నాను" అన్న వాక్యాన్ని బోర్డు మీద రాసి, మనకు క్రియ చివర వస్తుందనీ, ఇంగ్లీషులో అది కర్త తర్వాత వెంటనే వస్తుందనీ, ఇంగ్లీషులో నామవాచకం ముందు వచ్చే 'ఏ', 'ది' వంటివి మనకు లేవనీ చూపించాను. తమ తప్పులకు కారణం తెలివితక్కువతనం కాదని తెలిశాక, నా వెనుక బెంచీ పిల్లలే ముందుగా అడగడం మొదలుపెట్టారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. రేపు ముందుగా ఆ బాబు దగ్గరే కూర్చుని, వాళ్లింటి సంగతులు తెలుగులోనే అడుగుతాను.