చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్: సిర్పుర్కర్ కమిషన్ చెప్పింది ఒప్పుకుంటారా, లేదా?

మిడ్‌నైట్_చాయ్
పక్క థ్రెడ్‌లో గొడవ పెరిగి అసలు టాపిక్ పోయింది, అందుకే ఇది విడిగా పెడుతున్నా. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ వద్ద వెటర్నరీ డాక్టర్ 'దిశ' మీద అఘాయిత్యం జరిగింది. మర్నాడు పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి బ్రిడ్జి కింద కాలిపోయిన శవం దొరికింది. లారీల మీద పనిచేసే నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున, పోలీస్ కస్టడీలో ఉండగానే, ఆ నలుగురూ అదే చోట కాల్పుల్లో చనిపోయారు. తుపాకులు లాక్కున్నారు, ఆత్మరక్షణకు కాల్చాం అన్నారు పోలీసులు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ కథ నమ్మలేదు. చంపాలనే కాల్చారు, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలి, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లు అని తేల్చింది. రిపోర్టు 2022 మే 20న బయటికొచ్చింది. 2024 మేలో తెలంగాణ హైకోర్టు దాని మీద తదుపరి చర్యలకు స్టే ఇచ్చింది.
మీరేమంటారు? దయచేసి పార్టీల గోల వద్దు.

బ్రాడీపేట_శేషు
ఏమనేదేముంది. ఆ రోజు ఆ బ్రిడ్జి మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. కోట్లమంది ఒప్పుకున్నదాన్ని కమిషన్‌లో ముగ్గురు కూర్చుని కాదంటే కాకుండా పోతుందా? ఇంకో మాట. దీన్ని 'కస్టడీ డెత్' అని పక్క థ్రెడ్‌లో ఎవరో అన్నారు. లాకప్ డెత్ అంటే స్టేషన్‌లో కొట్టి చంపడం. ఇది ఎన్‌కౌంటర్. రెండూ కలపకండి.

కోర్టుహాల్_3
శేషు గారూ, కస్టడీ అంటే నాలుగు గోడలు, ఇనప ఊచలు కాదు. ఆ నలుగురూ చర్లపల్లి జైల్లో రిమాండ్‌లో ఉన్నారు. షాద్‌నగర్ కోర్టు అనుమతి తీసుకుని పోలీసులు వాళ్లను తమ కస్టడీకి తెచ్చుకున్నారు. కోర్టు మనిషిని అప్పగించాక అతను స్టేషన్‌లో ఉన్నా, జీపులో ఉన్నా, పొలం గట్టు మీద ఉన్నా కస్టడీయే. అందుకే 2005 సవరణతో సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 176లో 1ఏ చేర్చారు. కస్టడీలో మనిషి చనిపోతే పోలీసు దర్యాప్తుతో పాటు జ్యుడిషియల్ మేజిస్ట్రేట్ విచారణ కూడా జరగాలి. ఇప్పుడది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 196లో ఉంది. ఎన్‌కౌంటర్ అని పేరు పెడితే ఈ సెక్షన్ వర్తించకుండా పోదు.

బ్రాడీపేట_శేషు
సెక్షన్లు చదివితే చనిపోయిన అమ్మాయి తిరిగొస్తుందా సార్?

ఎన్నారై_డల్లాస్
ఫాలోయింగ్.

రిటైర్డ్_హెచ్‌సీ
అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు డిపార్ట్‌మెంట్‌లో చేసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు. సీన్ రికన్‌స్ట్రక్షన్‌కి, రికవరీకి ముద్దాయిలను తీసుకెళ్లడం మామూలు పనే. తెల్లవారుజామున ఎందుకు అని అందరూ అడుగుతారు. పగలు తీసుకెళ్తే ఆ జనం ఆ నలుగురినీ అక్కడే కొట్టి చంపేవారు. షాద్‌నగర్ స్టేషన్ ముందు ఎంత గుంపు చేరిందో టీవీలో చూడలేదా? మేజిస్ట్రేట్ స్టేషన్‌కే వచ్చి రిమాండ్ వేయాల్సి వచ్చింది. ఇక బేడీల సంగతి. బేడీలు వేస్తే ఎందుకు వేశావని కోర్టు చివాట్లు, వేయకపోతే పారిపోయాడని సస్పెన్షన్. ఎస్కార్ట్ డ్యూటీ చేసినవాడికే తెలుస్తుంది ఆ టెన్షన్.

కోర్టుహాల్_3
సార్, మీ సర్వీసుకి గౌరవం ఇస్తూనే ఒకటి అడుగుతాను. ఆఫీసర్ నడుముకున్న పిస్టల్ జారిపోకుండా, ఎవరూ లాగకుండా లాన్యార్డ్ తాడు కడతారు. మీ రోజుల్లో కట్టేవారా, లేదా?

రిటైర్డ్_హెచ్‌సీ
కట్టేవారు. అందరూ కట్టరు.

కోర్టుహాల్_3
సరే, కట్టలేదనే అనుకుందాం. ఎదురుగా నలుగురు పిల్లలు, చుట్టూ సాయుధులైన పోలీసులు. అందులో ఇద్దరు తుపాకులు లాక్కున్నారు, మిగతావాళ్లు రాళ్లు, కర్రలు అందుకున్నారు. చివరికి నలుగురూ చచ్చారు, పోలీసుల్లో ఒక్కరికీ తూటా తగల్లేదు. కమిషన్ ఇదంతా చూసే నమ్మశక్యంగా లేదంది. పైగా మొదటి ఎఫ్ఐఆర్ ఎవరి మీద పెట్టారో తెలుసా? హత్యాయత్నం అంటూ చచ్చిపోయిన నలుగురి మీదే. ఎన్‌కౌంటర్ జరిగితే విడి సంస్థ దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, వెంటనే ప్రమోషన్లూ పతకాలూ ఇవ్వకూడదు అని సుప్రీంకోర్టు 2014లో పదహారు సూచనలిచ్చింది. అవి ఉండగా ఇదీ పరిస్థితి.

బ్రాడీపేట_శేషు
'పిల్లలు' అంటున్నారు చూశారా. ఇదే నాకు మండేది. పోలీసులు ఆ ముగ్గురి వయసు 20 అని రాశారు. మైనర్లని ఎవరన్నారు? ఎముకలు చూసి వయసు తేల్చే బోన్ టెస్ట్ చేశారా?

కోర్టుహాల్_3
జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 చదవండి. వయసు తేల్చడానికి ముందు స్కూల్ సర్టిఫికెట్ చూడాలి. అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే బోన్ టెస్ట్. స్కూల్ రికార్డు ఉండగా ఎముకలతో పనిలేదు.

బ్రాడీపేట_శేషు
మా ఊళ్లో స్కూల్ రికార్డులో సగం మందికి జూన్ పుట్టినరోజులే. హెడ్‌మాస్టర్ నోటికొచ్చింది రాసుకున్నాడు. అది సాక్ష్యమా? బోన్ టెస్ట్ చేశారా, లేదా?

పాలమూరు_బిడ్డ
శేషన్నా, ఆ నలుగురివి మా మక్తల్ దిక్కు ఊర్లే. నారాయణపేట జిల్లా. అక్కడ పదో తరగతి దాటకముందే లారీ ఎక్కుతరు. నువ్వు జూన్ పుట్టినరోజులని నవ్వుతున్నవు గానీ పోలీసులు ఆ రికార్డన్న చూసిండ్రా? చూడకుంటనే 20 అని రాసిండ్రు. నిజంగ మైనర్లయితే జువెనైల్ బోర్డు ముందు పెట్టాలె, పోలీస్ కస్టడీకే ఇయ్యొద్దు.

స్కూటీ_లక్ష్మి
ఇప్పటిదాకా మొత్తం మగవాళ్లే మాట్లాడారు. బోన్ టెస్ట్, తాడు, సెక్షన్. నేనొకటి చెప్తా వినండి.
నేను రోజూ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు మీదే ఇంటికెళ్తా. ఆ ఏడాదే ఒక రాత్రి ఇద్దరు బైక్ మీద వెంటపడ్డారు. ఒక పెట్రోల్ బంకులో ఆగి బతికిపోయా. కంప్లయింట్ ఇద్దామని వెళ్తే, మీరు చెప్పిన చోటు మా లిమిట్స్‌లోకి రాదమ్మా అన్నారు. రెండో స్టేషన్‌లో రైటర్ పెన్ను కూడా ముట్టుకోలేదు. "అంత రాత్రి ఒక్కదానివే ఎందుకు తిరగడం?" అన్నాడు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశా. తర్వాత దిశ ఇంటివాళ్లనీ అలాగే మా పరిధి కాదని తిప్పారని చదివినప్పుడు చేతులు వణికాయి. డిసెంబర్ 6 పొద్దున న్యూస్ చూసి సంతోషించాను. ఇప్పటికీ సిగ్గుపడను.

బ్రాడీపేట_శేషు
మేడమ్‌కి చప్పట్లు. ఇక థ్రెడ్ మూసేయొచ్చు.

పాలమూరు_బిడ్డ
మూసుడేంది అన్నా. అక్కా, నీకు జరిగింది తప్పే. కానీ దిశ ఇంటోళ్లను తిప్పినందుకు సస్పెండ్ అయిన ముగ్గురూ పోలీసులే. ఆ రాత్రి సరిగ్గ ఎతికుంటే ఆ తల్లి బతికేదేమో. పది రోజులు తిరగకుండనే ఆ డిపార్ట్‌మెంటే నలుగురిని కాల్చి హీరో అయింది. పూలు పడంగనే అందరూ ఆ మొదటి రాత్రి మర్చిపోయిండ్రు. నిన్ను తిప్పి పంపినోళ్లనే ఇప్పుడు నమ్ముతున్నవా?

స్కూటీ_లక్ష్మి
నమ్ముతున్నానని ఎవరన్నారు తమ్ముడూ? నమ్మకం కాదు నాకు కావాల్సింది. భయం ఎప్పుడూ మా వైపే ఉంటోంది. ఒక్కరోజైనా అటువైపు వెళ్లింది, నాకది చాలు. కోర్టు అంటారా? నిర్భయ కేసు 2012 డిసెంబర్‌లో. ఉరి 2020 మార్చిలో. ఏడేళ్లకు పైనే. దేశం మొత్తం చూస్తున్న కేసుకే అంత పట్టింది. నా కంప్లయింట్ సంగతి చెప్పక్కర్లేదు.

నిర్మల్_టీచర్
దిశకు మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా ఎల్లాపటార్ దగ్గర 'సమత'ను చంపారు. ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళ. ముగ్గురిని అరెస్టు చేశారు, ఎవరినీ కాల్చలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష వేసింది. రెండు నెలల్లో సాక్ష్యం, వాదన, తీర్పు అన్నీ అయ్యాయి. చేయాలనుకుంటే అయింది కదా? ఆమె కోసం హైదరాబాద్‌లో ఎన్ని కొవ్వొత్తులు వెలిగాయో అది వేరే సంగతి.

స్కూటీ_లక్ష్మి
టీచర్ గారూ, శిక్ష వేయడం వేరు, అమలు కావడం వేరు. అప్పీళ్లు ఎన్నాళ్లు నడుస్తాయో మీకూ తెలుసు. కానీ మీ ఆఖరి మాట నిజం.

రిటైర్డ్_హెచ్‌సీ
ఇంకో కోణం. ఆర్డర్ పైనుంచి వస్తుంది, కేసు కింద ఉన్నవాడి మీద పడుతుంది. కమిషన్ పేర్లు రాసిన పదిమందిలో కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు. మా బ్యాచ్‌వాడు ఒకడు వేరే కేసులో పెద్దాయన చెప్పిన పని చేసి పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు, పెన్షన్ ఆగిపోయింది. ఆ పెద్దాయన హాయిగా రిటైరయ్యాడు. ఎవరైనా దీని గురించి మాట్లాడతారా?

కోర్టుహాల్_3
మాట్లాడాల్సిందే. అయితే అది కూడా విచారణ జరిగితేనే బయటికొస్తుంది. ఆర్డర్ ఎవరిచ్చారో సాక్షి బోనులో నిలబడి చెప్పేది కానిస్టేబులే. విచారణ వద్దంటే నష్టపోయేదీ అతనే.

బ్రాడీపేట_శేషు
కమిషన్ రిపోర్టుకి కోర్టు తీర్పంత విలువుందా? లేదు. సిఫారసు మాత్రమే. పైగా హైకోర్టు స్టే ఉంది. కాబట్టి మీరు ఆ పోలీసులను హంతకులు అనకూడదు.

కోర్టుహాల్_3
నూటికి నూరుపాళ్లు నిజం. తీర్పు వచ్చేదాకా వాళ్లు దోషులు కాదు. ఆ హక్కు వాళ్లకుంది, లాయర్లను పెట్టుకుని హైకోర్టుకు వెళ్లారు, వెళ్లాలి కూడా. ఆ నలుగురికీ అంతే హక్కు ఉండాలని తప్ప నేను మొదటి నుంచీ ఇంకేమీ అనలేదు.

బ్రాడీపేట_శేషు
అబ్బో, అక్కడికే వచ్చారా. రేపిస్టులకు హక్కులు.

పాలమూరు_బిడ్డ
రేపిస్టులని ఎవరు తేల్చిండ్రు అన్నా? ప్రెస్‌మీట్‌లనా? మా చిన్నాయన కొడుకు లారీ మీద క్లీనర్. ఒకసారి డీజిల్ దొంగతనం అని పట్టుకపోయిండ్రు. అరెస్టు చూపియ్యలేదు, కోర్టుకు తేలేదు. అరికాళ్ల మీద కొడితే కాలు కింద పెట్టలేకపోయిండు. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర గూడ ఏసిండు. తర్వాత అసలు దొంగ దొరికిండు. "పో రా" అని పంపిండ్రు. ఎమ్మెల్యే కొడుకునైతే అట్ల కొడుతరా? కొట్టరు, కాల్చరు. భయం అటువైపు పోయిందంటున్నవు అక్కా. అది పోయింది మా ఊర్లకు.

స్కూటీ_లక్ష్మి
మీ తమ్ముడు ఏ తప్పూ చేయలేదు. అతనికి జరిగినదానికి నేనెందుకు జవాబు చెప్పాలి? ప్రతిసారీ ఆడవాళ్లు మాట్లాడగానే ఎవరో ఒక అమాయకుణ్ని తెచ్చి ముందు నిలబెడతారు. ఇక్కడ కాలిపోయింది ఎవరు?

పాలమూరు_బిడ్డ
జవాబు చెప్పమంటలేను అక్కా. వాడు ఏం చెయ్యలేదని తేలింది ఎట్ల? వాడు బతికున్నడు గనక. మా ఊర్ల పిల్లలు చేయలేదని నేను అంటలేను. చేసిండ్రేమో. నాకు తెల్వదు, నీకు తెల్వదు. తెలుసుకునే దారి మూసిండ్రు.

స్కూటీ_లక్ష్మి
డీఎన్ఏ ఉందన్నారు కదా?

కోర్టుహాల్_3
ఉందని పోలీసులు చెప్పారు. ఆ రిపోర్టును కోర్టులో క్రాస్ ఎగ్జామిన్ చేసినవాళ్లు లేరు. నిందితులు చనిపోతే వాళ్ల మీద కేసు అక్కడితో ముగిసిపోతుంది. నలుగురే ఉన్నారా, ఐదోవాడు కూడా ఉన్నాడా అన్న ప్రశ్న విచారణలో వచ్చేది. ఇక రాదు.

నిర్మల్_టీచర్
1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ కేసు గుర్తుందా ఎవరికైనా? ఒక మహిళ మీద పోలీసులు అత్యాచారం చేశారని ఆరోపణ, అడిగిన ఆమె భర్త వాళ్ల దెబ్బలకు చనిపోయాడు, ఊరంతా కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాయచూర్ కోర్టుకు మార్చారు, 1981లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పుడు జనం పోలీసుల మీద రాళ్లేశారు, 2019లో పూలేశారు. కమిషన్లకు రెండుసార్లూ పట్టిన గతి మాత్రం పెద్దగా మారలేదు.

స్కూటీ_లక్ష్మి
ఐదోవాడు అన్న మాట నాకు నచ్చలేదు లాయర్ గారూ. కావాలనే భయపెడుతున్నారు. ఆ రోజు నాకు కలిగిన ధైర్యాన్ని మీ వాదనతో వెనక్కి తీసుకోలేరు. కానీ ఒకటి అడుగుతా. రెండు స్టేషన్లలో నా కాగితం తీసుకోనివాళ్లను బోనెక్కించే సెక్షన్ ఏమైనా ఉందా? ఉంటే నంబర్ చెప్పండి.

కోర్టుహాల్_3
ఉంది. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 199. అప్పట్లో ఐపీసీ 166ఏ, నిర్భయ తర్వాత 2013లో తెచ్చింది. అత్యాచారం లాంటి కొన్ని నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసుకు ఆరు నెలల నుంచి రెండేళ్లు కఠిన జైలు. వెంటపడటం ఆ జాబితాలో లేదు, అది మీ కేసులో చిక్కు. కానీ ఏ స్టేషన్ అయినా పరిధితో పని లేకుండా జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 173లోనే ఉంది. వివరాలు నాకు మెసేజ్ పెట్టండి, ఏం చేయొచ్చో చూద్దాం.

బ్రాడీపేట_శేషు
అన్నీ చెప్పారు గానీ బోన్ టెస్ట్ చేశారో లేదో ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు.